కండె మర్లొచ్చేదాక

నిర్మల గొంతు మూడో వరుస దాటి పోయేది కాదు.

గొంతు పెంచాలమ్మా అని ట్రైనింగు కాలేజీలో అందరూ చెప్పి చూశారు. ఆమె పెంచింది కూడా. పెంచిన గొంతు నాలుగో వరుస దాకా వెళ్లి, గోడవార కూర్చున్న పిల్లల గుసగుసల్లో కలిసిపోయింది. దానికి తోడు ప్రాక్టీసు కోసం ఆమెను వేసింది కొత్తవాడ బడికి. ఎమర్జెన్సీ పోయిన మరుసటి ఏడు అది. ఆ వాడలో ఇంటింటా మగ్గమే. పెళ్లిళ్లలో, సభల్లో పరిచే శత్రంజీలు అక్కడ నేస్తారు. నేసిన వరుసను కిందికి దిగగొట్టే ఇనుప పంజా చప్పుడు ఒక ఇంట్లో ఆగితే పక్క ఇంట్లో మొదలవుతుంది. పొద్దున్నుంచి మిల్లు కూత కూసే దాకా అది బడి గోడల్ని తడుతూనే ఉంటుంది. అందులో పాఠం చెప్పాలంటే సారంగపాణి సారు వంటి గొంతు కావాలి.

సారంగపాణి సారు ఆ బడికి హెడ్మాస్టరు, రెండో తరగతికి మాస్టరు, గంట కొట్టే మనిషి రానినాడు గంట కొట్టేదీ ఆయనే. నశ్యం పట్టు పట్టి "ఊఁ" అన్నాడంటే వీధిలో పోయే రిక్షా మనిషి కూడా ఒకసారి ఇటు తిరిగి చూసేవాడు. చెడ్డవాడేం కాదు. ఏ పిల్లకు జ్వరం వచ్చిందో, ఏ ఇంట్లో పొయ్యి రాజలేదో ఆయనకు తెలుసు. కాని ఆలస్యమంటే గిట్టదు. ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఉండే ఆ కాస్త జాగాలో ఆయన నిలవలేడు. పిల్ల నోరు తెరిచేలోగా జవాబు ఆయనే చెప్పేసి, చెప్పనందుకు ఆ పిల్లను కోప్పడతాడు.

ఆ పూట పాఠం చెరువు గురించి. సారు ఒక్కొక్కరి చేత ఒక్కో వరుస చదివిస్తున్నాడు. నిర్మల గోడ పక్కన నిలబడి చూస్తోంది. పిల్లలు పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని, పైన రేకుల వైపు చూస్తూ, ఊగుతూ అందుకుంటున్నారు. ఆ పాఠం వాళ్లకు ఎప్పుడో నోటికి వచ్చేసింది. పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా వాళ్ల చదువుకేం లోటు రాదు.

"చెరువు నిండ నీరు" అన్నాడు ముందున్న పిల్లవాడు.

తర్వాతి వరుస తలుపు దగ్గర కూర్చున్న కొమురమ్మకు వచ్చింది. ఆ పిల్ల రేకుల వైపు చూడలేదు. పుస్తకం మీదికి వంగి, వేలు పెట్టి, ఒక్కో అక్షరాన్నీ నొక్కి చూసుకుంటూ చదివింది.

"గ... కొం. ద... మీ. ట్టు... గ."

తరగతి గొల్లుమంది.

"ఏం భాషనే అది?" సారు స్కేలు అందుకున్నాడు. "నిన్న మొదటి వరుస నువ్వే గద సదివినవు! టంగున సదివినవు! ఇయ్యాల నోట్లె గులకరాళ్లు వోసుకున్నవా?"

ఆయన అడగకముందే కొమురమ్మ అరచెయ్యి చాపింది. నిర్మల గోడ వదిలి ఒక అడుగు వేసింది దెబ్బ పడ్డప్పుడు కాదు. ఆ చెయ్యి అంత అలవాటుగా ముందుకు వచ్చినప్పుడు. "సార్" అంది ఆమె. ఎప్పటిలాగే ఎవరికీ వినపడలేదు.

స్కేలు బల్ల మీద పెట్టాక సారు చూపు ఆమె మీద పడింది. "బిడ్డా నిర్మలా, నీ పాఠం మంచిగనే ఉన్నట్టున్నది. వినొస్తె మార్కులేద్దును" అన్నాడు. పిల్లలు మళ్లీ నవ్వారు. "నీ గొంతుకు ఒక్క పిల్ల సరిపోతది. కొమురమ్మా, లే. టీచర్ తోని వరండల కూసో, పో."

పలక, పుస్తకం ఎత్తుకుని ఆ పిల్ల బయటికి నడిచింది. ఆమె వెనకాల, తనను కూడా తరగతిలోంచి వెళ్లగొట్టినట్టు ముఖం ఎర్రబడిపోయి, నిర్మల నడిచింది.

కాసేపటికి సారు గుమ్మం దాకా వచ్చాడు. గొంతు తగ్గించి చెప్పాలనుకున్నాడు గాని అది ఆయన చేతకాని పని. "నువ్వు మనసుల పెట్టుకోకు. ఈ పిల్లది మొద్దుతనం కాదు, దొంగేషం. రానోల్లకు రాదు, నాకెరుకే. ఒకనాడు వచ్చి ఒకనాడు రానోల్లను ఏం జెయ్యాలె? అమాస దాటినంక వాళ్ల నాయిన దీన్ని మగ్గం మీద కూసోబెడ్తనన్నడు. నేను కూడ మంచిదే అన్న. అందాక నీ కాడ ఉండనియ్యి."

కొమురమ్మ ఇదంతా వింటూనే ఉంది. చేతి మంట పోవడానికి అరచేతిని వరండా బండకు ఆనించి ఉంచింది. గోళ్లలో నీలం రంగు. జుట్టులో దూది పీచు.

వరండాకు ఎదురుగా రంగులద్దిన నూలు చిలపలు వెదురు కర్రల మీద ఆరుతుండేవి. గాలి వచ్చినప్పుడు వాటి మధ్యనుంచి ఎండ ఒకసారి ఎర్రగా, ఒకసారి పచ్చగా వచ్చి పలక మీద పడేది. ఇళ్లలోంచి లేచిన దూది పీచు ఎటు పోవాలో తెలియనట్టు గాల్లో తిరిగేది. స్టేషను వైపు నుంచి రైలు కూత వినబడితే ఆ పిల్ల చెవి అటు వేసేది. నిర్మల కూడా వేసేది. ఇద్దరూ అలా ఊరికే వింటూ కూర్చున్న సంగతి కాసేపటికి గాని ఆమెకు తెలిసేది కాదు. తెలిసి, అయ్యో పాఠం అనుకునేది.

అక్షరాలన్నీ రాసి అడిగింది. కొమురమ్మకు అన్నీ వచ్చు. ఒత్తులు వచ్చు. పలక మీద చెరువు అని రాస్తే చెరువు అంది. కొంగ అని రాస్తే కొంగ అంది. నిర్మలకు ఏమీ అర్థం కాలేదు.

"మరి లోపల ఎందుకు చదవలేదు?"

"సదివిన టీచర్" అంది ఆ పిల్ల.

అబద్ధం ఆడే పిల్లల్ని నిర్మల చూసింది. వాళ్ల కళ్లు ఇలా నిలకడగా ఉండవు. సరేనని పుస్తకం తెరిచి ముందు పెట్టింది. మొదటి వరుస మంచినీళ్లు తాగినంత సులువుగా చదివింది. రెండో వరుసకు వచ్చేసరికి మళ్లీ అదే, గకొం, దమీ, ట్టుగ. సారంగపాణి సారైతే అక్కడే ఆపేవాడు. నిర్మల ఆపలేదు. ఆపినా ఎవరూ ఆగరన్న అలవాటుతో ఆమె నోరు లేవలేదు, అంతే. వేలు ముందుకు సాగింది. "కొంగ కాలు పొడవు." ఇది స్పష్టంగా ఉంది. తర్వాతిది మళ్లీ గోల. అలా పేజీ అంతా అయ్యాక ఆ పిల్ల తలెత్తి, ఆశ్చర్యంగా, "అయిపోయింది" అంది.

పేజీ చివరి దాకా ఆమెను అంతవరకు ఎవరూ పోనివ్వలేదు.

ఆ సాయంత్రం హనుమకొండ బస్సులో కిటికీ పక్కన కూర్చుని నిర్మల ఆ మాటల్ని నోట్లోనే నానబెట్టుకుంది. గకొం దమీ ట్టుగ. ఏదో తెలిసిన పాట మధ్యలో వింటున్నట్టే ఉంది. ఎక్కడి పాటో అందడం లేదు. కండక్టరు టికెట్టు అడిగితే కూడా ఆమె వెంటనే పలకలేదు.

ఆ వారంలోనే ఒకరోజు కొమురమ్మ బడికి రాలేదు. తనకు ఉన్నదే ఒక్క పిల్ల. ఆ పిల్ల రాకపోతే నిర్మల వరండాలో కూర్చుని చేసేదేముంది? అడ్రసు అడిగి వాళ్ల ఇంటికి బయలుదేరింది. సందంతా నూలు తడిసిన వాసన, రంగు ఉడికే వాసన. నేల మీద నీలం నీళ్లు కాలువ కట్టి పోతున్నాయి.

ముందు గది నిండా మగ్గమే ఉంది. దాని చుట్టూ మనుషులు సర్దుకుని బతుకుతున్నారు. ఎడమ చివర కొమురమ్మ తండ్రి మొండయ్య, కుడి చివర అతని తల్లి రాజవ్వ. మధ్యలో మనిషి నిలువు కంటే వెడల్పుగా బిగించిన పడుగు నూలు. తల్లి మల్లక్క మూలన నేల మీద కూర్చుని రాట్నంతో నూలు కండెలకు చుడుతోంది. కొమురమ్మ వాళ్లకు ఎదురుగా, నమూనాగా గోడకు కొట్టిన పాత శత్రంజీ ముక్క ముందు నిలబడి ఉంది.

"రా పంతులమ్మా" అన్నాడు మొండయ్య, చెయ్యి ఆపకుండానే. "పిల్లను ఆపుకున్నం, ఏమనుకోకు. ఇయ్యాల రేపట్ల ఇది దించాలె. మా అవ్వకు సూపానుతలేదు, రంగులు తప్పుతాంది. పిల్ల సూసి సెప్పాలె."

నిర్మల గుమ్మంలోనే నిలబడింది.

మొండయ్య చేతిలోని కండె ఎడమ నుంచి కదిలింది. కొమురమ్మ వేలు గోడ మీది ముక్కకు ఎడమ అంచున ఆనింది. "నల్లది" అంది. "ఎర్రది. తెల్లది. పచ్చది." ఆ పిల్ల చెప్పిన రంగు కండె అతను అందుకుంటున్నాడు. సగం దాటాక చెయ్యి మారి రాజవ్వకు అందింది. ఆ వరుస కుడి అంచుకు చేరింది. ఇద్దరూ పంజాలెత్తి దిగగొట్టారు. ఇక మళ్లీ మొదటికి పోవడమంటూ లేదు. నూలు ఎక్కడికి చేరిందో అక్కడినుంచే వెనక్కి బయలుదేరింది. ఈసారి రాజవ్వ మొదలుపెట్టింది. గోడ మీద వేలు కూడా ఒక వరుస పైకి జరిగి, కుడి నుంచి ఎడమకు నడిచింది. "పచ్చది అవ్వా. తెల్లది. ఎర్రది. నల్లది."

పోవడం, రావడం. పోవడం, రావడం. పంజా దెబ్బలకు గది మెల్లగా ఊగుతోంది. నిర్మల కళ్లు కూడా ఆ వేలి వెంట అటు పోయాయి, ఇటు వచ్చాయి. నిద్ర పట్టేముందు వచ్చే తేలిక లాంటిది ఆమె ఒంట్లోకి వచ్చింది. ఆ తేలికలోనే, ఆమె వెతకకుండానే, బస్సులో అందని పాట అందింది. గట్టు మీద కొంగ. కుడి నుంచి ఎడమకు. గ, కొం, ద, మీ, ట్టు, గ.

నిర్మల నవ్వింది. ఆ నవ్వు మగ్గం చప్పుడు దాటి వినబడింది. నలుగురూ చేతులాపారు.

"ఎవలు నవ్వింది?" అంది రాజవ్వ, గుమ్మానికి కాస్త పక్కగా చూస్తూ.

"నేనవ్వా, టీచర్ను" అని నిర్మల లోపలికి వచ్చి మొండయ్య పక్కన కూలబడింది. "మొండయ్యన్నా, పిల్లకు చదువు వస్తుంది. అందరికంటే బాగా వస్తుంది."

"వస్తె సారెందుకు కొడ్తాండు?"

ఆమె చెప్పింది. మొదటి వరుస అటు, రెండో వరుస ఇటు, కండెలాగ. మొండయ్య విన్నాడు గాని తల అడ్డంగా ఊపాడు. "నువ్వు మంచిదానివి, దాని మీద ప్రేమతోని, పావురంతోని అంటానవు. అమాస మర్నాడు కొత్త పడుగు ఎక్కిస్త. అది ఇంకింత పెద్దది. సూపులేని మనిషితోని అయ్యే పని కాదు. పిల్ల అవ్వ జాగల కూసుంటది."

"మల్లక్క కూర్చోవచ్చు కదన్నా?"

మూలన రాట్నం ఆగింది. మల్లక్క తలెత్తలేదు. రాజవ్వ ముఖం మాత్రం బిగిసింది. "ఆ జాగ నాది. ఇస్తె నా మనుమరాలికిస్త. రాట్నం కాడికి పోయి కూసోను నేనేం పనికిరాకుండ పోయిన్నా?"

ఇన్నేళ్లలో కోడలికి ఇవ్వని చోటది. ఆ ఇంట్లో దాని గురించి ఎవరూ మాట్లాడరని నిర్మలకు రాట్నం మళ్లీ తిరగడం మొదలైన తీరులోనే తెలిసింది.

"అన్నా, మాన్పించేముందు ఒక్కసారి బడికి రండ్రి" అంది. "సారు ముందట చదివిస్త. వినుండ్రి. తర్వాత మీ ఇష్టం."

"అమాస మర్నాడు పొద్దుగాలొస్త. సారుకు సెప్పి మాన్పియ్యాలె గద, ఎట్లైనా రావాలె."

మర్నాడు వరండాలో కొమురమ్మకు అసలు సంగతి చెబితే, ఆ పిల్ల నమ్మలేదు. రెండో వరుస కూడా ఎడమ నుంచే మొదలవుతుందంటే, టీచర్ హాస్యమాడుతోందనుకుంది.

"అయితె ఆ సివరి నుంచి ఈ సివరికి ఎట్ల రావాలె టీచర్?"

"వేలు వెనక్కి తెచ్చుకోవాలె."

"సదువుకుంట?"

"ఊహూఁ. ఏం చదవకుండ. ఒట్టిగ."

"ఒట్టిగనా!" కొమురమ్మ కళ్లు పెద్దవి చేసింది. "దండుగ గాదా? నూలు లేకుంట కండె వెనక్కి మర్లొస్తదా ఏడనన్న?"

ట్రైనింగులో ఎవరూ నిర్మలకు చెప్పలేదు, మనిషి కన్ను వరుస వరుసకూ ఇంత దూరం ఊరికే తిరిగి వస్తుందని. నేత ఇంటి పిల్లకు అది దండుగగా కనపడకపోతే ఇంకెవరికి కనపడుతుంది? కాసేపు ఆలోచించి, "ఒట్టిగ రావద్దులే. చదివింది మనసుల చూసుకుంట రా" అంది.

ఆ మాట కొమురమ్మకు నచ్చింది. మరీ ఎక్కువ నచ్చింది. వేలు చివర దాకా పోయి, గాల్లో లేచి, నెమ్మదిగా వెనక్కి బయలుదేరేది. పెదవులు మూసుకునేది. కళ్లు ఎక్కడో ఉండేవి. మొదట్లో ఒకటి రెండుసార్లు వేలు దారిలోనే కింది వరుస కుడి చివరి అక్షరం మీద వాలబోయింది. నిర్మల ఏమీ అనకుండా ఆ వేలి కింద తన వేలు పెట్టి నడిపించింది. వేలు ఎడమ అంచుకు వచ్చి కింది వరుస మీద దిగగానే, "గట్టు మీద కొంగ" అని అచ్చంగా వచ్చింది. చదివాక ఆ పిల్ల తన నోటిని తానే విన్నట్టు ఆగిపోయింది.

"కొంగనా టీచర్? అది గట్టు మీద ఉన్నదా?"

ఇంతకాలం ఆ చెరువు గట్టు మీద ఆమెకు కొంగ లేదు. ఉన్నట్టు ఆ వేలికి ఎన్నడూ తగల్లేదు. నిర్మల ముఖం పక్కకు తిప్పుకుని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆ తర్వాత రోజు రోజుకూ ఆ తిరుగు ప్రయాణం పొడవయింది. వేలు వెనక్కి వస్తూ ఉంటే కొమురమ్మ చెరువంతా చూసి వచ్చేది. "కొంగ ఒంటికాలు మీద నిలవడ్డది టీచర్" అనేది. "నీళ్లల్ల ఇంకో కొంగ తలకిందికున్నది" అనేది. ఒక్కోసారి వింటూ వింటూ నిర్మల కూడా అటే పోయేది. ఆ గట్టు మీద గాలి, తడి మట్టి వాసన, దూరంగా పంజా చప్పుడు. తిరిగి వచ్చి చూస్తే ఆ పిల్ల వేలు ఇంకా దారిలోనే ఉండేది. తొందరపెట్టాలని నిర్మలకు మనసొప్పలేదు. కాని భయం పట్టుకుంది. ఇంతసేపు సారు ఆగుతాడా? ఆయన దృష్టిలో ఆగడమంటే రాకపోవడమే.

ఒకనాడు భోజనాల వేళ ఆయనకు చెప్పి చూసింది. సారు డబ్బా గిన్నెలోంచి తలెత్తకుండా నవ్వాడు. "ఉల్టా సదువుతదా? నా సర్వీసుల చూడలే బిడ్డా. నువ్వు మెత్తటిదానివి. నీతోని ఆడుకుంటాంది."

అమావాస్య వచ్చింది. ఆ రోజు మగ్గాలకు సెలవు. వాడంతా ఒక్కసారిగా ఊపిరి బిగబట్టినట్టు నిశ్శబ్దమైపోయింది. ఎక్కడో కోడి కూత, ఎవరో బిందె దించిన చప్పుడు విడివిడిగా వినబడ్డాయి. నిర్మల "చదువమ్మా" అంటే ఆ మాట వరండా చివర దాకా పోయి వచ్చింది. తన గొంతు ఇలా ఉంటుందా అని ఆమెకే వింతగా తోచింది. ఇద్దరూ పాఠం వెంట పాఠం చదివారు. పోవడం, ఊరికే రావడం. ఆ మధ్యాహ్నం అలాగే ఉండిపోతే బాగుండునని నిర్మల అనుకుంది.

మర్నాడు మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి. కొత్త పడుగులెక్కిన ఇళ్లలో పంజాలు మరింత జోరుగా పడుతున్నాయి. మొండయ్య ఉతికిన అంగీ వేసుకుని, భుజాన తువాలతో వచ్చి వరండా కింద నిలబడ్డాడు. పైకి రమ్మంటే రాలేదు. కొమురమ్మ తండ్రిని, సారును, టీచర్ను మార్చి మార్చి చూసింది.

"మాన్పిచ్చుడేనా మొండయ్యా?" అన్నాడు సారు.

"పంతులమ్మ ఒక్కతీర్న అడుగుతాంది సారూ, ఒకసారి వినిపో అని."

"విందాం. అందుకేముంది?" సారు న్యాయంగానే ఉన్నాడు. అయిపోయిన పాఠం ఇవ్వలేదు. పుస్తకం చివర, ఇంకా ఎవరికీ చెప్పని పేజీ తీసి ఆ పిల్ల ఒళ్లో పెట్టాడు. "ఇది నోటికి రాదు. సదువు."

కొమురమ్మ వంగింది. వేలు పెట్టింది.

"సంతకు... పోయే... బండి."

బాగుంది. సారు తల ఊపాడు. వేలు వరుస చివర గాల్లోకి లేచింది. వెనక్కి బయలుదేరింది. అది కొత్త పాఠం. బండి కొత్తది. సంతకు పోయే దారి ఎంత పొడుగుందో ఆ పిల్లకేం తెలుసు? ఆమె పెదవులు మూసుకున్నాయి. చూపు పుస్తకాన్ని దాటి నూలు చిలపల వైపు పోయింది.

సారు నశ్యం డబ్బా తీశాడు. పెట్టాడు. "ఊఁ?" అన్నాడు.

వేలు సగం దారిలో ఉంది.

"సూస్తివా నిర్మలా? రెండో వరుసకు ఆగింది" అంటూ ఆయన పుస్తకం మూయడానికి చెయ్యి చాపాడు. ఆ చెయ్యి కనబడగానే కొమురమ్మ ఎడమ అరచెయ్యి దానంతటదే తెరుచుకుని ముందుకు వచ్చింది. కుడి చేతి వేలు మాత్రం గాల్లో తన దారిన తాను వస్తూనే ఉంది. "సార్, ఒక్క నిమిషం" అంది నిర్మల. పంజా చప్పుళ్లలో అది ఆయన చెవిని చేరలేదు. ఆమె మళ్లీ అరవబోయింది.

"జర ఆగుండ్రి సారూ" అన్నాడు కింద నిలబడ్డ మొండయ్య. అతను ఎవరి ముఖమూ చూడటం లేదు. కూతురి వేలినే చూస్తున్నాడు. "కండె మర్లొస్తాంది."

సారంగపాణి సారు చెయ్యి పుస్తకం మీద ఆగిపోయింది.

వేలు ఎడమ అంచుకు వచ్చింది. ఒక వరుస కిందికి దిగింది.

"బండి... నిండ... దూది" అంది కొమురమ్మ.

మళ్లీ వేలు లేచింది. సారు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. జీవితంలో ఎన్నడూ నిలవని ఆ జాగాలో ఆయన, ఏం చెయ్యాలో తెలియక, నిలబడి ఉన్నాడు. వేలు వచ్చింది. "దూది మీద పాప." వేలు పోయింది, వచ్చింది. "పాప కంట నిదుర." చదువుతూ చదువుతూ ఉండగానే, చాచిన ఎడమ చెయ్యి మెల్లగా మూసుకుని ఒళ్లోకి వెళ్లిపోయింది. నిర్మల దాన్ని చూసింది. సారు కూడా చూశాడు. ఆయన ముఖం ఒక్కసారిగా ముసలిదైపోయింది.

పేజీ అయ్యాక ఆయన చాలాసేపు నశ్యం పీల్చలేదు. "లోపలికొచ్చి ముందట కూసో" అన్నాడు చివరికి, కొమురమ్మ వైపు చూడకుండా. తర్వాత మొండయ్యతో, "నువ్వేమంటవు?" అన్నాడు.

"ఏమంట సారూ." మొండయ్య తువాలతో ముఖం తుడుచుకున్నాడు. "నిన్న మగ్గం ఖాళీగుంటె, పిల్ల దాని మీద వేలు పెట్టి అటు పోవుడు, ఉత్తగ ఇటొచ్చుడు. ఏందే అంటె సదువన్నది. ఆటలనుకున్న." తువాల మళ్లీ భుజాన వేసుకుని, "మాన్పియ్య. అవ్వకెట్ల సెప్పాల్నో, అదే నా ఫికర్" అన్నాడు.

అతను సందు మలుపు తిరిగే దాకా నిర్మల చూస్తూ నిలబడింది. వెనక నుంచి సారు గొంతు వినబడింది. అలవాటు లేని మెత్తదనంతో అది కొంచెం బొంగురుపోయింది. "బిడ్డా, ఇంకొక పిల్లగాడున్నడు. వాడసలు నోరే తెరువడు. జర నీ కాడ కూసోబెట్టుకుంటవా?"

సాయంత్రం నిర్మల కొమురమ్మను తీసుకుని వాళ్ల ఇంటికి వెళ్లింది. రాజవ్వ కాళ్లు పట్టుకునైనా మల్లక్కకు చోటిమ్మని అడగాలని దారంతా మాటలు కూర్చుకుంది. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి అవి అక్కరలేకపోయాయి.

కొత్త పడుగు ముందు కుడి చివర మల్లక్క కూర్చుని ఉంది. తలమీద కొంగు సర్దుకోవడం కూడా మరిచిపోయి, చేతిలో పంజా ఎత్తి పట్టుకుని, కొత్త పెళ్లికూతురిలా సిగ్గుపడుతోంది. మూలన రాట్నం దగ్గర రాజవ్వ ఉంది. చూపు లేని కళ్లు ఎటో ఉన్నాయి. వేళ్లు మాత్రం నూలును తడుముకుంటూ కండె మీద సాఫీగా చుడుతున్నాయి.

"ఎవలు సెప్పలే, అవ్వ తనంత తానే లేచింది" అన్నాడు మొండయ్య మెల్లగా. "పిల్ల సదివిందన్న. అంతే."

"నాకు వినొస్తాందిర" అంది రాజవ్వ. "సూపు పోయింది గని సెవులు పోలే. ఏదే పిల్లా, ఏం సదివినవు? రా, ఈడ కూసొని సదువు."

కొమురమ్మ రాట్నం పక్కన చతికిలబడి పుస్తకం తెరిచింది. రంగులు చెప్పిన ఆ గొంతుతోనే మొదలుపెట్టింది. "సంతకు పోయే బండి." వేలు చివరికి పోయింది. గాల్లో లేచింది.

రాట్నం ఆగింది. రాజవ్వ చెయ్యి చక్రం మీద ఉంచి, తల కొంచెం వంచి, ఏమీ కనబడని ఆ దారిని చూస్తూ కూర్చుంది. అటు మల్లక్క, ఇటు మొండయ్య కూడా ఎత్తిన పంజాలు దించకుండా ఆగారు.

"మర్లొచ్చిందా?" అంది రాజవ్వ.

"వచ్చిందవ్వా."

"అయితె కానియ్."